తప్పును మన్నించు క్లబ్బు

హైదరాబాదు నగరమునకు తూర్పు దిక్కున, సరూర్‌నగర్ చెరువు చుట్టుప్రక్కల, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ అను పేటలు ఎల్లలు చెరిగిపోయి ఒకే మహాజనావాసమై యున్నవి. ఇచ్చట కోచింగ్ సెంటర్లకును, బట్టల కొట్లకును, బంగారు దుకాణములకును కొదువ లేనట్లే ఆటలమీది మక్కువకును కొదువ లేదు. సరూర్‌నగర్‌లో ఇండోర్ స్టేడియమున్నది. సందు సందునను క్రికెట్ ఆడు పిల్లలున్నారు. బ్యాటు కావలెనన్నను, షటిల్ రాకెట్ కావలెనన్నను, ఎవరి తాహతునకు తగిన వస్తువు వారికి నడిచిపోవు దూరముననే లభించును. గోల్ఫ్ మైదానములు మాత్రము ఎక్కువగా నగరమునకు పడమటి వైపున వెలసినవి. గోల్కొండ కోటనంటియున్న నయాఖిల్లా ప్రాంతమున హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ వారి 18 హోల్స్ కోర్సు కలదు. గచ్చిబౌలి వైపున, దక్కను పీఠభూమికి ఆభరణములైన బండరాళ్ల నడుమ, పీటర్ హారడైన్ రూపకల్పన చేసిన బౌల్డర్ హిల్స్ కలదు. తూర్పు పేటలవాడు వీనిలో దేనికి పోవలెనన్నను మూసీ దాటి నగరమును అడ్డముగా ఛేదించుకొని పోక తప్పదు.

ఐనను నడివయస్సున ఈ ఆటవైపు దృష్టి సారించు ఉద్యోగులును, వైద్యులును, పదవీ విరమణ చేసిన పెద్దలును ఈ పేటలలో లేకపోలేదు. కొడుకో కూతురో అమెరికాలో స్థిరపడగా అచ్చటికి పోయి, మనుమని ప్రక్కన నిలిచి తొలిసారి బంతిని కొట్టి వచ్చినవారు కొందరు. హైదరాబాదునుండి వెళ్లిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో 1997లో జన్మించి, 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి పి.జి.ఏ. టూర్ విజేతయైన సాహిత్ తీగల ఆటను టీవీలో చూచి ఉత్సాహపడినవారు మరికొందరు. ఆ ఉత్సాహముతో దుకాణమున కాలిడగానే వీరికి ఎదురగునది వెలల పట్టిక. పేరుగన్న కంపెనీవారి సరికొత్త డ్రైవరు, అనగా దూరపు దెబ్బకు వాడు గోల్ఫ్ కర్ర, ఒక్కటే వేలకు వేల రూపాయలు పలుకును. పూర్తి సెట్టు వెల విన్నచో మధ్యతరగతి గృహస్థునకు ఆటమీది ఆశయే సన్నగిల్లును. అంత వ్యయము అనవసరమని చెప్పుటకే ఈ వ్యాసము. నేర్పు ఇంకను కుదురుకొనని ఆటగానికి కావలసినది తన తప్పును మన్నించు క్లబ్బు, అనగా బంతిని కొట్టు కర్ర; ఆ మన్నింపు ఒకానొకప్పుడు విశేషమైన వింతయే గాని, నేడది చవక సరకునందు సైతము లభించు సామాన్యగుణము.

ముందుగా హ్యాండిక్యాపు అననేమో తెలిసికొనవలెను. గోల్ఫ్ కోర్సునందలి 18 హోల్స్‌ను నిపుణుడైన ఆటగాడు ఇన్ని స్ట్రోకులలో పూర్తిచేయగలడని ఒక లెక్క యుండును. దానిని పార్ అందురు. సాధారణముగా అది 72కు అటునిటుగా నుండును. ఆటగాడు ఆ లెక్కకంటె సుమారుగా ఎన్ని దెబ్బలు అధికముగా తీసికొనునో తెలుపు అంకెయే హ్యాండిక్యాపు. 2020లో ప్రపంచవ్యాప్తముగా అమలులోనికి వచ్చిన విధానము ననుసరించి, ఆటగాని కడపటి 20 ఆటలలో మిక్కిలి మంచివైన 8 ఆటలను గ్రహించి, కోర్సు కఠినత్వమును గూడ పరిగణించి, ఆ అంకెను నిర్ణయింతురు. దానికి గరిష్ఠ పరిమితి 54. నూరు దెబ్బల చుట్టుపట్ల ఆట ముగించువానికి ఇరువదికి పైబడిన హ్యాండిక్యాపుండుట సహజము. ఈ ఏర్పాటువలన అనుభవజ్ఞుడును, నిన్న మొన్న మొదలిడినవాడును ఒకే పందెమున సమానముగా పోటీపడగలరు. కావున అధిక హ్యాండిక్యాపు సిగ్గుపడవలసిన విషయము కాదు; తన బలహీనత యెంతయో తానెరిగి, తదనుగుణమైన పరికరమును ఎన్నుకొనుటకు అది యొక కొలబద్ద.

ఆ బలహీనత యెట్టిది? క్రొత్తవాని దెబ్బ క్లబ్బు ముఖమునకు నడిమిభాగమున తగులుట అరుదు. ఒకసారి కొనవైపునను, ఒకసారి కాడ మొదటివైపునను, ఒకసారి బంతి నడినెత్తిమీదను, మరియొకసారి బంతికి బెత్తెడు వెనుక నేలమీదను తగులును. నడిమి తప్పిన దెబ్బకు క్లబ్బు తల చేతిలోనే మెలితిరిగి, బంతికి వేగము తగ్గుటయేగాక దిక్కు గూడ తప్పును. ఈ మెలిక నెట్లు తగ్గింపవలెను? కావడి మోయువానిని చూచినవారికి ఇందలి మర్మము సులభముగా బోధపడును: రెండు కుండలును కొనల వ్రేలాడుచుండగా కావడిబద్దను చటుక్కున త్రిప్పుట కష్టము, అవే కుండలను నడుమకు చేర్చినచో అది తేలికగా తిరిగిపోవును. భౌతికశాస్త్రజ్ఞులు జడత్వ భ్రామకమని పిలుచు గుణమిదియే. క్లబ్బు తలలోని లోహమును నడుమనుండి తీసి అంచులకు పంచినచో, దెబ్బ ప్రక్కకు తగిలినను తల అంతగా మెలిపడదు. బంతి కొంత దూరము తగ్గినను దారి తప్పక పోవును.

ఈ సూత్రమును గోల్ఫ్‌నకు అన్వయించి కీర్తి గడించినవాడు కార్‌స్టెన్ సోల్‌హైమ్ అను ఇంజనీరు. నార్వేలో 1911లో జన్మించి, శైశవముననే అమెరికా చేరి, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయుచు, నడివయస్సున గోల్ఫ్ నేర్చుకొని, బంతిని గుంటలోనికి దొర్లించు తన పట్టరు తన మాట వినుటలేదన్న చికాకుతో 1959లో తన గ్యారేజీలోనే క్రొత్త పట్టరు నొకదానిని నిర్మించినాడు. పింగ్ కంపెనీ పుట్టుక అదియే. 1966లో వచ్చిన ఆన్సర్ పట్టరును, 1982లో వచ్చిన ఐ 2 ఐరన్లును (పలుచని లోహపు తల గల క్లబ్బులు) ఆటస్వరూపమునే మార్చివేసినవి. వెనుక భాగము గుంటగా తొలచి బరువును అంచులకు చేర్చిన ఇట్టి ఐరన్లను క్యావిటీ బ్యాక్ అందురు. వెనుక భాగము నునుపుగా, సన్నని కత్తివలె నుండు పాతరకపు వానిని బ్లేడు లందురు. ఆ సూత్రము నేడు ఏ యొక్క కంపెనీ సొత్తును కాదు. చవక సెట్టులోని ఐరనుల వీపునందు సైతము ఆ తొలచిన గుంట కనబడును. నిగనిగలాడు బ్లేడు సెట్టు సెకండ్‌హ్యాండ్‌లో ఎంత చవకగా వచ్చినను, అధిక హ్యాండిక్యాపు గలవాడు దాని జోలికి పోరాదు.

ఇక ఎన్ని క్లబ్బులు కొనవలెనను ప్రశ్న. నియమము ననుసరించి సంచిలో 14కు మించి యుండరాదు. 1930 ప్రాంతములలో కొందరు ప్రసిద్ధ ఆటగాండ్రు ఇరువదైదుకు పైబడిన క్లబ్బులతో, సంచులు మోయు కేడీల నడుములు వంచుచుండగా, 1938లో అమెరికాలోను, మరుసటి యేట బ్రిటనులోను ఈ కట్టడి చేసిరి. పదునాలుగు గరిష్ఠ పరిమితి మాత్రమే. అన్నియు నుండితీరవలెనన్న నిబంధన యెచ్చటను లేదు. చిక్ ఎవాన్స్ అను అమెచ్యూరు ఆటగాడు 1916లో కేవలము ఏడు క్లబ్బులతో యు.ఎస్. ఓపెన్ గెలిచి, 286 దెబ్బల రికార్డును నెలకొల్పగా, దానిని అధిగమించుటకు ఇరువది సంవత్సరములు పట్టినది. అతడు మహానిపుణుడు, మనము కాము. కాని క్రొత్తవానికి సగము సెట్టు చాలుననుటకు వేరొక కారణము కలదు. ఊపు వేగము తక్కువగా నుండువాని చేతిలో 6వ నంబరు ఐరనుకును 7వ నంబరు ఐరనుకును దూరములో భేదము మిక్కిలి స్వల్పము; అతని మంచి దెబ్బకును చెడ్డ దెబ్బకును గల అంతరము దానికంటె ఎన్నోరెట్లు అధికము. అట్టివానికి వరుస నంబర్లన్నియు కొనుట ధనవ్యయమే. పైగా పూర్తి సంచి బరువు పది కిలోలకు చేరవచ్చును. సరూర్‌నగర్ నుండి గోల్కొండ దాక దానిని ఆటోలోనికి ఎక్కించుచు దించుచు పోవువానికి హాఫ్ సెట్టు తేలికదనము భుజమునకు గూడ మేలు చేయును.

ఆ సగము సెట్టులోని ఏడు క్లబ్బు లేవి? మొదటిది వుడ్డు, అనగా దూరపు దెబ్బలకు వాడు పెద్ద తల క్లబ్బు. దూరముగా కొట్టవలెనన్న తహతహతో అందరును డ్రైవరునే మొదట కొందురు గాని, దాని ముఖము మిక్కిలి నిటారుగా నుండుటచే బంతి కుడివైపునకు వంగిపోవు స్లైసు అను దోషము అందే ప్రస్ఫుటముగా బయటపడును. ముఖము వాలు, అనగా లాఫ్టు, పెరిగినకొలది బంతి వెనుకకు తిరుగు గుణము హెచ్చి, ప్రక్కకు వంగు గుణము మరుగుపడును. కావున 18 డిగ్రీల వాలుగల 5వ నంబరు వుడ్డుతో మొదలుపెట్టుట ఉత్తమము. డ్రైవరు కొనియే తీరవలెనన్నచో 10.5 డిగ్రీలకు తక్కువది వలదు. 12 డిగ్రీలది దొరికినచో మరియు మంచిది. డ్రైవరు తల పరిమాణమునకు నియమము విధించిన గరిష్ఠ పరిమితి 460 ఘన సెంటీమీటర్లు. ఆ పరిమితి 2004లోనే ఏర్పడినది గనుక, పది పదునైదేండ్లనాటి డ్రైవరుకు గూడ నేటిదానితో సమానమైన తలయే యుండును. క్రొత్తదానికి చెల్లించు అదనపు మొత్తములో అధికభాగము ప్రకటనలకు పోవు పైకమని భావింపవచ్చును.

రెండవది హైబ్రిడ్, అనగా వుడ్డుకును ఐరనుకును నడిమి రకము. 3, 4 నంబర్ల పొడవైన ఐరన్లతో బంతిని గాలిలోనికి లేపుట అనుభవజ్ఞులకే ప్రయాస. హైబ్రిడ్ తలలో బరువు క్రిందుగను వెనుకగను నుండుటచే, పలుచని గడ్డినుండియు పొడవాటి గడ్డినుండియు బంతి సులభముగా లేచును. 24 డిగ్రీల చుట్టుపట్లది ఒకటి చాలును. మూడవది 6వ నంబరు ఐరను, నాలుగవది 8వ నంబరు ఐరను, అయిదవది పిచింగ్ వెడ్జి. ఆరవది శాండ్ వెడ్జి. ఇసుక గుంటలలోనుండి బంతిని వెలికి తీయుటకై జీన్ సారజెన్ తన క్లబ్బు అడుగున టంకము పోసి మందము పెంచి, దానితో 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచినాడు. ఆ అడుగు ఉబ్బును బౌన్సు అందురు. అది అధికమైనచో వేసవిలో రాయివలె బిగిసిన మన నేలమీద క్లబ్బు ఎగిరిపడును. మరీ తక్కువైనచో ఇసుకలో దిగబడును. 10 డిగ్రీల చుట్టుపట్ల బౌన్సుగల 54 లేక 56 డిగ్రీల వెడ్జి మన నేలకు అనుకూలము. ఏడవది పట్టరు. ప్రతి హోలుకును గ్రీనుమీద, అనగా గుంట చుట్టునుండు నునుపైన గడ్డిమీద, రెండు దెబ్బలు పోవుననుకొన్నను మొత్తము 36 దెబ్బలు పట్టరువే. పార్ 72లో అది సరిగా సగము. అధిక హ్యాండిక్యాపు గలవానికి ఈ సంఖ్య యింకను హెచ్చును. ఐనను పట్టరుకు అత్యధికమైన వెల పెట్టనక్కరలేదు. బంతివైపు చూచి నిలిచినపుడు గురి సరిగా కుదురునట్లు తలమీద స్పష్టమైన గీతయు, తన పొడవునకు తగిన కాడయు ఉన్న యే పాత పట్టరైనను సరిపోవును.

సెట్టును ముక్కలు ముక్కలుగా కూర్చుకొనువారు ఒక వంచనను కనిపెట్టవలెను. క్లబ్బుమీది నంబరు దూరమునకు ప్రమాణము కాదు. పూర్వము 7వ నంబరు ఐరను వాలు 35 డిగ్రీలకు అటునిటుగా నుండెడిది. క్రొత్తవారికై నేడు తయారగు సెట్లలో అది 30కి, అంతకును దిగువకు వచ్చినది. అమ్మువాడు మా 7వ నంబరు ఎక్కువ దూరము పోవునని చెప్పును. నిజమునకు అది పాత కాలపు 5 లేక 6వ నంబరే, పేరు మాత్రము మారినది. ఇందువలన క్రొత్త సెట్టులోని పిచింగ్ వెడ్జి 43, 44 డిగ్రీలకు దిగజారి, దానికిని 56 డిగ్రీల శాండ్ వెడ్జికిని నడుమ పెద్ద అగాధ మేర్పడును. కావున నంబరును గాక డిగ్రీలను అడిగి వ్రాసికొని, ఒక్కొక్క క్లబ్బుకును నడుమ వ్యత్యాసము ఇంచుమించు సమానముగా నుండునట్లు ఎన్నుకొనవలెను.

తల యెంత ముఖ్యమో కాడ, అనగా షాఫ్టు, అంతకంటె ముఖ్యము. 1929 వరకు బ్రిటనులో హికరీ కర్ర షాఫ్టులే చట్టబద్ధములు. ఆ యేట ఉక్కును అనుమతించిరి. తరువాత తేలికైన గ్రాఫైటు వచ్చినది. వయస్సు మళ్లినవారికిని, మణికట్టు మోచేయి నొప్పులున్నవారికిని గ్రాఫైటు సుఖము. బలముగల యువకునకు ఉక్కు చవకయు మన్నికయు. బిగువు విషయమున స్థూలముగా నొక లెక్క కలదు: డ్రైవరు ఊపు వేగము గంటకు 135 కిలోమీటర్లలోపు అయినచో సీనియర్, 135 నుండి 155 వరకు రెగ్యులర్, అంతకు మించినచో స్టిఫ్. ఆత్మాభిమానమున స్టిఫ్ కొన్నవాని బంతి తరచుగా తక్కువ ఎత్తున కుడివైపునకు పోవును. పొడవును నిర్ణయించుటకు ఎత్తుకంటె మణికట్టునుండి నేలవరకు గల దూరము మేలైన గుర్తు; చేతులు వదలి నిటారుగా నిలిచి కొలిచినపుడు అది 34 నుండి 37 అంగుళముల నడుమ ఉన్నచో సాధారణపు పొడవే చాలును. పొట్టివారు పెద్ద సెట్టు కొని గ్రిప్పును క్రిందుగా పట్టుకొనుట కొంతవరకు సాగును గాని, క్లబ్బు కొన పైకి లేచి మడమ నేలకు తగులుచున్నచో కోణము సరిదిద్దించుకొనక తప్పదు. స్త్రీలకై తయారగు సెట్లు సుమారు ఒక అంగుళము పొట్టిగను తేలికగను నుండును. సన్నపాటి పురుషులకు గూడ అవి సరిపోవచ్చును, ఇందులో నామోషీ యేమియు లేదు.

కొనుటకు మార్గములు మూడు. మొదటిది, క్రొత్తవారికై తయారుచేసిన హాఫ్ సెట్టును క్రొత్తదిగానే కొనుట. డెకాథ్లాన్ వారి ఇనెసిస్ వంటి సరకు ఈ తరగతిలోనిది. దీనిలో నిశ్చింత యున్నది. రెండవది, ఆట మార్చుకొన్నవారి సెట్టును, కోర్సునందలి కోచ్ ద్వారానో ఆటగాండ్ర ద్వారానో సెకండ్‌హ్యాండ్‌లో కొనుట. మూడవది మన తెలుగు కుటుంబములకు ప్రత్యేకమైనది: అమెరికానుండి సెలవులకు వచ్చు బంధువుచేత అచ్చటి పాత సెట్టును తెప్పించుకొనుట. గ్యారేజ్ సేళ్లలో మంచి క్యావిటీ బ్యాక్ ఐరన్లు నామమాత్రపు వెలకు దొరకుట వాస్తవమే. ఐతే తెచ్చువారు గోల్ఫ్ ఎరుగనివారైనచో ఎడమచేతివాటపు సెట్టు విమానమెక్కి రాగలదు! అందుచే చేతివాటము, షాఫ్టు బిగువు, పొడవు అను మూడింటిని ముందుగా వ్రాసి పంపి, ఫొటోలు చూచిన పిమ్మటనే సరే యనవలెను.

పాత క్లబ్బును పరీక్షించు క్రమమును చెప్పెదను. మొదట గ్రిప్పును పిండి చూడవలెను. మన వేసవిలో కారు డిక్కీలో నెలల తరబడి పడియున్న రబ్బరు గట్టిపడి జారును. గ్రిప్పులు మార్పించుట పెద్ద వ్యయము కాదు గాని, ఆ మొత్తమును బేరములో తగ్గించుకొనవలెను. దిల్‌సుఖ్‌నగర్‌లో బేరమాడ నేర్చినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. తరువాత వెడ్జి ముఖముమీది గాడులు వ్రేలిగోటికి తగులుచున్నవో లేదో చూడవలెను. అరిగినచో బంతి గ్రీనుమీద ఆగదు. తల కాడతో కలియుచోట ఉక్కు తుప్పుపట్టినను, గ్రాఫైటు చీలినను వదలివేయవలెను. తలను చెవి దగ్గర ఊపినపుడు లోపల గలగల వినబడినచో జిగురో లోహపు ముక్కయో ఊడినదని గుర్తు. ఐరన్లన్నిటి షాఫ్టులును ఒకే రకమువేనా, లేక విరిగినవానికి బదులు వేరొకటి తగిలించినారా యని సరిపోల్చవలెను. పేరుగన్న కంపెనీల నకళ్లు గూడ చలామణిలో నున్నవి. క్రొత్త సెట్టు నమ్మశక్యముగాని తక్కువ వెలకు వచ్చుచున్నను, అక్షరములలోని రంగు అంచులు దాటియున్నను, కంపెనీ సీరియల్ నంబరు లేకపోయినను అనుమానింపవలసినదే.

క్లబ్బులకు మిగిలినదంతయు వెచ్చించి ఆటకు చేతిలో పైకము లేకుండ చేసికొనుట అవివేకము. నా అభిప్రాయమున, నూరు రూపాయలున్నచో ఏబది క్లబ్బులకు, ముప్పది శిక్షణకు, ఇరువది బంతులకును డ్రైవింగ్ రేంజికిని కేటాయించుట యుక్తము. బంతి విషయమున నియమము కఠినము: వ్యాసము 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. ఆ కట్టుబాటుకు లోబడి తయారైన చవక టూపీస్ బంతియే క్రొత్తవానికి శ్రేష్ఠము. దాని గట్టి తొడుగు ప్రక్కకు తిరుగుడును తగ్గించును, గీతలు పడనీయదు, పొదలలో పోయినను ప్రాణము ఉసూరుమనదు. యురేథేన్ తొడుగుగల ఖరీదైన బంతి గుణమును వినియోగించుకొనుటకు నేర్పు కావలెను. శిక్షణ విషయమున వేరు మాట లేదు. చేతిపట్టు, నిలబడు తీరు అను రెండింటిని గురువు మొదటి పాఠములలోనే సరిదిద్దినచో, ఎంత వెలపెట్టి కొన్న డ్రైవరును చేయలేని మేలు జరుగును.

పరికరములకంటె అభ్యాసమే మిన్న యనుటకు మన దేశపు గోల్ఫ్ చరిత్రయే సాక్ష్యము. బ్రిటిష్ దీవులకు వెలుపల అతి ప్రాచీనమైన గోల్ఫ్ క్లబ్ 1829లో కలకత్తాలో వెలసినను, ఈ ఆట చిరకాలము దొరలదిగను, తరువాత ధనికులదిగను ఉండిపోయినది. ఐనను ఢిల్లీలో కేడీగా సంచులు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అయినాడు. కలకత్తా కోర్సులో గ్రీన్‌కీపర్ కుమారుడైన ఎస్.ఎస్.పి. చౌరాసియా 2016, 2017 సంవత్సరములలో వరుసగా అదే ఇండియన్ ఓపెన్ గెలిచినాడు. కొత్త సెట్టు కొనగల సంపన్న గృహములలో గాక, పరులు వాడి వదలిన క్లబ్బులు చేతికందు పరిసరములలో పెరిగి వీరు ఆట నేర్చుకొనిరి.

హాఫ్ సెట్టుతో ఆరంభించినవాడు ప్రతి ఆటయందును రెండు సంగతులను స్కోర్‌కార్డు అంచున వ్రాసికొనుట మంచిది: ఏ దూరమునందు చేతిలో తగిన క్లబ్బు లేక ఇబ్బందిపడినాడో అదియు, ఏ క్లబ్బు తనను తరచుగా మోసపుచ్చుచున్నదో అదియు. ఒక సంవత్సరము గడచునప్పటికి ఆ కార్డులే తరువాత కొనదగిన క్లబ్బు ఏదో తెలుపును. కొందరికది 9వ నంబరు ఐరను కావచ్చును, కొందరికి డ్రైవరు కావచ్చును, పెక్కుమందికి మరికొన్ని పాఠములే కావచ్చును. హ్యాండిక్యాపు 18కి దిగువకు వచ్చి, దెబ్బ తరచుగా నడుమనే తగులుచున్నదని నమ్మకము కలిగినపుడు, కొలతలు తీయించుకొని పూర్తి సెట్టు కొనుట న్యాయము. అప్పటికి ఆటగానికి తన ఊపు తెలిసియుండును, అమ్మువాని మాటలలో ఏది పనికివచ్చునో తెలిసియుండును, పాత హాఫ్ సెట్టును కొనుటకు అదే పేటలో మరియొక క్రొత్త ఆటగాడును సిద్ధముగా నుండును.